కలరు సీసా మీద పన్ను

నేను హెల్త్ విజిటరుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఎన్ని రిజిస్టర్లు నింపానో ఇక్కడ రాయను. అవన్నీ కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే మీకు శిక్షణలోనే చెబుతారు. వాళ్ళు చెప్పనిది ఒకటుంది. మనం ఒక ఇంటికి వెళ్ళేది చెప్పడానికా, తెలుసుకోవడానికా అన్నది. అది నాకు తెలిసేసరికి ఒక ఎండాకాలం గడిచింది, ఒక బిడ్డ ప్రాణం మీదికి వచ్చింది.

కూల్‌డ్రింకుల మీద, చిప్స్ ప్యాకెట్ల మీద ప్రభుత్వం పన్ను పెంచాలా వద్దా అని ఇప్పుడు పేపర్లలో రాస్తున్నారు. మొన్న మా చర్చిలో కుర్రకారు కూడా నన్ను అదే అడిగారు. వాళ్ళలో ఇద్దరు నర్సింగు చదువుతున్న అమ్మాయిలు. నేను ‘వెయ్యాల్సిందే’ అంటానని అనుకున్నట్టున్నారు. కానీ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అలాంటి పన్ను ఒకదాన్ని నేనే దగ్గరుండి వేయించాను.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. అణాలు పోయి నయాపైసలు వచ్చినా జనం ఇంకా అణాల్లోనే లెక్కలు చెప్పుకునేవాళ్ళు. నెల్లూరులో శిక్షణ అయ్యాక నన్ను వాకాడు వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో వేశారు. నా కింద పడమటి వైపు వరి పండించే ఊళ్ళు కొన్ని, తూర్పున సముద్రం ఒడ్డున జాలర్ల పాలెం ఒకటి ఉండేవి. ఆ పాలెం పేరు రాయను. నేను చెప్పబోయే వాళ్ళ పిల్లలు, మనవళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

పళ్ళు

మొదటి ఏడాది బడిపిల్లల్ని చూసే పని పెట్టుకున్నాను. వరసగా నిలబెట్టి, నోరు తెరవమని, టార్చి వేసి చూడటం. వరి ఊళ్ళలో పిల్లల కళ్ళు పాలిపోయి ఉండేవి, గజ్జి ఉండేది, పళ్ళు మాత్రం బాగుండేవి. పాలెం పిల్లల సంగతి దీనికి తలకిందులు. చేపలు తిన్న ఒళ్ళు, గట్టి కాళ్ళు. నోరు తెరిస్తే మాత్రం ముందు పళ్ళు నల్లగా, సగం అరిగి, మొలకల్లా ఉండేవి. ఒకరిద్దరికి కాదు, దాదాపు అందరికీ.

మా డాక్టరు గారికి చెప్పాను. ఆయన మాట తక్కువ మనిషి. మనం ఏది చెప్పినా ఒకటే అడిగేవారు.

“నువ్వు చూశావా, విన్నావా?”

“చూశానండీ.”

“అయితే ఎందుకో కూడా చూసి రా.”

ఆయన చేతికింద పనిచేసిన వాళ్ళలో చాలామందికి ఆ ప్రశ్నంటే చిరాకు. నాకూ ఉండేది. మంచి పై అధికారి ఎలా ఉంటాడని నన్నడిగితే ఇప్పుడు ఆయన్నే చూపిస్తాను. జవాబు తను చెప్పకుండా మన కాళ్ళతో నడిపించి మన చేతనే తెప్పించేవారు.

అలా తిరుగుతూ పోలమ్మ ఇంటికి వెళ్ళాను. పోలమ్మ తెల్లారకముందే చేపల గంప నెత్తిన పెట్టుకుని వరి ఊళ్ళకు పోయేది. పొద్దు తిరిగాక గానీ వచ్చేది కాదు. మొగుడు తెప్ప మీద సముద్రంలో ఉండేవాడు. రెండున్నరేళ్ళ కూతురు ధనమ్మను ముసలి అత్త చూసుకునేది. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల గడప మీద కూర్చుని సత్తు గ్లాసులో ఎర్రటిది ఏదో తాగుతోంది. పెదాలు ఎర్రగా, నాలుక ఎర్రగా ఉన్నాయి. పై పళ్ళు నాలుగూ చిగుళ్ళ దాకా అరిగిపోయాయి.

“ఏందవ్వా అది?” అన్నాను.

“కలరమ్మా. సోడా అంగట్లోది. ఏడిస్తే పోస్తా, ఊరుకుంటది.”

“రోజూనా?”

“రోజూ ఏడవదా మరి?” అంది అవ్వ నవ్వుతూ.

ఆ మాట నాకు నవ్వు తెప్పించలేదు. బిడ్డను తూచాను. ఉండాల్సిన బరువు కంటే చాలా తక్కువ. కడుపు తీపి నీళ్ళతో నిండితే అన్నం ఎక్కడ తింటుంది? ఆ రోజే పాలెంలో మరో పది గుడిసెలు తిరిగాను. ప్రతి ఇంట్లో ఖాళీ గోలీ సోడా సీసా కనిపించింది. కారణం దొరికిందనుకున్నాను. సగమే దొరికిందని అప్పుడు తెలియదు.

పెంచలయ్య

ఆ కలరు సోడా చేసేవాడు పెంచలయ్య. పాలెం మొదట్లో, రోడ్డు పక్కన తాటాకు పాక. లోపల చేత్తో తిప్పే సోడా మిషను, గూడూరు నుంచి బస్సు మీద వేయించుకొచ్చిన గ్యాసు సిలిండరు, చక్కెర పాకం కాచే గుండిగ. ముందు వైపు బల్ల మీద గాజు జాడీల్లో బిళ్ళలు, పంచదార చిలకలు.

పెంచలయ్య పుట్టింది కల్లు గీసేవాళ్ళ ఇంట్లో. మా జిల్లాలో అప్పుడు మద్యనిషేధం. నిషేధం రాగానే ఆయన చెట్టు దిగాడు. కొంతకాలం కూలికి పోయి, భార్య చెవి కమ్మలు అమ్మి ఆ మిషను కొన్నాడు. ఇదంతా ఆయనే చెప్పాడు, నేను ఆయన్ని తిట్టడానికి వెళ్ళిన రోజున.

“పిల్లలకు పళ్ళు పుచ్చిపోతున్నాయి పెంచలయ్యా. నీ సోడా వల్లనే” అన్నాను.

ఆయన మిషను చక్రం ఆపి, తుండుతో చేతులు తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు: “కల్లు అమ్మితే జైలంటిరి. సరేనని మానుకున్నాం. ఇప్పుడు కలరు అమ్మినా తప్పేనా నర్సమ్మా? ఇంకేం అమ్మమంటారో ఒకేతూరి చెప్పేయండి, అదే అమ్ముకుంటా.”

“నేను మానేయమనడం లేదు.”

“పసిబిడ్డకు పొయ్యమని నేను చెప్పినానా? అడిగినోళ్ళకు ఇస్తుండా. ఎందుకు అడగతా ఉండారో వాళ్ళనే అడగరాదా?”

మంచి ప్రశ్న. నేను దాన్ని పట్టించుకోలేదు. ఎదిరించి మాట్లాడుతున్నాడని మాత్రం అనుకున్నాను. చదువుకున్న మనకు ఇదొక జబ్బు. ఎదుటివాడు కోపంగా అన్న మాటలో విషయం ఉండదనుకుంటాం.

తీర్మానం

పంచాయతీ ప్రెసిడెంటు కోదండరామిరెడ్డి గారు. ఆ పాలెం, దాని పక్కనున్న వరి ఊరు రెండూ ఒకే పంచాయతీ కింద ఉండేవి. రెడ్డిగారిది వరి ఊరు. పంచాయతీకి రాబడి లేదని, ఊళ్ళో వీధి దీపాలు పెట్టించాలని ఆయన అప్పటికి ఏడాదిగా అంటున్నారు. సోడా చేయడానికి, మిఠాయి అమ్మడానికి ఇచ్చే లైసెన్సు రుసుము బాగా పెంచితే ధర పెరుగుతుంది, తాగేవాళ్ళు తగ్గుతారు అని నేను చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

“ఇది ఏందబ్బా, రెండు పనులు ఒకే దెబ్బకు అయ్యేట్టుండాయే” అన్నారు.

మీటింగులో నన్నే మాట్లాడమన్నారు. మాట్లాడాను. పళ్ళ గురించి, బరువు గురించి, చక్కెర గురించి. ‘పిల్లలకు కలరు మాని నీళ్ళు ఇవ్వండి’ అన్నది నా ఆఖరి మాట. మెంబర్లు తలలూపారు. వాళ్ళలో పాలెం మనిషి ఒక్కడే. అతను ఏమీ అనలేదు. నేనూ అతన్ని అడగలేదు. తీర్మానం ఆ రోజే అయిపోయింది. జనం దానికి ‘తీపి పన్ను’ అని పేరు పెట్టుకున్నారు.

పెంచలయ్య సీసా ధర పెంచాడు. పాలెం బీదది. నెల తిరిగేసరికి కలరు అమ్మకం పడిపోయింది. గడపల దగ్గర ఎర్ర పెదాల పిల్లలు కనిపించడం తగ్గింది. డాక్టరు గారికి గొప్పగా చెప్పాను.

“చూశావా, విన్నావా?” అన్నారు.

“చూశానండీ. సీసాలు తగ్గాయి.”

“సీసాలు తగ్గడం చూశావు. పిల్లలు ఇప్పుడు ఏం తాగుతున్నారో చూశావా?”

నీళ్ళు తాగుతున్నారని చెప్పాను. చూడకుండానే చెప్పాను.

రోహిణి ఎండలు

ఆ ఏడు రోహిణి కార్తె ఎండలకు ఇసక మీద కాలు పెట్టలేకపోయేవాళ్ళం. ఒకరోజు ఉదయం పోలమ్మ భుజాన బిడ్డను వేసుకుని ఆరోగ్య కేంద్రానికి పరుగున వచ్చింది. అంత దూరం ఎలా నడిచిందో తెలియదు, చేపల గంప దారిలోనే పారేసి వచ్చిందట. ధనమ్మ కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలబడింది. రెండు రోజులుగా విరేచనాలని చెప్పింది.

డాక్టరు గారు నరం దొరక్క చాలాసేపు వెతికారు. ఆఖరికి కాలి చీలమండ దగ్గర దొరికింది. సీసా వేలాడదీసి బొట్లు సరిచేస్తూ, నా వైపు చూడకుండానే అన్నారు: “ఈ సీసాలో ఏముందో తెలుసుగా సుగుణమ్మా? మంచినీళ్ళు, కాస్త ఉప్పు, కాస్త తీపి.”

నేను పోలమ్మను పక్కకు తీసుకెళ్ళి అడిగాను. “ఏం తాగించారు బిడ్డకు?”

“నీళ్ళేనమ్మా. నువ్వు చెప్పినట్టే. కలరు మానిపించి నీళ్ళే పోస్తుండాది మా అత్త.”

“ఏ నీళ్ళు?”

పోలమ్మ నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఇది కూడా తెలియదా అన్నట్టు.

“మా బాయి నీళ్ళు. ఇంకేం నీళ్ళుండాయి మాకు?”

అప్పటికి ఏడాదిన్నరగా పాలేనికి వెళుతున్నాను. వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు కొబ్బరి బోండం కొట్టి ఇచ్చేవాళ్ళు. మర్యాద చేస్తున్నారనుకున్నాను. మర్యాదే. కానీ తమ నీళ్ళు నా చేతికి ఇవ్వలేకే అలా చేస్తున్నారని నాకు తట్టలేదు.

ధనమ్మ బతికింది. మూడో రోజు గంజి తాగింది. అదే పక్షంలో పాలెంలో ఇంకో ఇంట్లో ఎనిమిది నెలల మగబిడ్డ చనిపోయాడు. వాళ్ళు ఆస్పత్రికి తీసుకురాలేదు, నాకు తర్వాత తెలిసింది. వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చున్నాను. ఆ బిడ్డ ఎప్పుడైనా కలరు తాగేవాడా, పన్ను వల్ల మానాడా అని అడగడానికి నోరు రాలేదు. ఎండాకాలం విరేచనాలు అంతకుముందూ వచ్చేవి, పిల్లలు అంతకుముందూ పోయేవాళ్ళు. కాబట్టి నా వల్లే పోయాడని అనలేను. నా వల్ల కాదని కూడా అనలేను. ఆ ప్రశ్నను అలాగే మోసుకుంటూ మిగతా ఉద్యోగం చేశాను. మీ ఉద్యోగంలో కూడా ఇలాంటివి ఒకటో రెండో మిగులుతాయి. మిగలకపోతే మీరు సరిగా చూడటం లేదని అర్థం.

బావి

పోలమ్మ బావి మాట చెప్పిన మర్నాడే పాలెం బావి దగ్గరికి వెళ్ళాను. పాలెం పక్కన పారే ఉప్పు కాలువకు ఇటువైపున, పల్లంలో, ఒరలు పగిలిన బావి. చుట్టూ బురద, అందులో మేకల అడుగులు. చేద వేసి తోడి, దోసిట పట్టి తాగాను. ఉప్పగా, కాస్త చేదుగా, నాచు వాసన. రెండో గుక్క మింగలేకపోయాను. అక్కడున్న ఆడవాళ్ళు నవ్వారు.

“అలవాటు కావాల నర్సమ్మా” అంది ఒకామె.

“మరి పెంచలయ్య సోడాకు ఈ నీళ్ళేనా?”

“ఈ నీళ్ళయితే ఎవురు తాగతారు? ఆయప్ప దిబ్బల్లో చెలమ నీళ్ళు తెస్తాడు, బండి మీద.”

పాలేనికి ఉత్తరాన కోసుకు పైగా దూరంలో, సరుగుడు తోటలు దాటాక, పెద్ద ఇసక దిబ్బలున్నాయి. అక్కడ ఇసక లోతుగా తవ్వితే నీళ్ళు ఊరుతాయి. అదే చెలమ. అందరికీ తెలిసిన చోటే. పెళ్ళికో పండక్కో ఒక బిందె మోసుకొచ్చేవాళ్ళు. తెల్లారకముందు గంప ఎత్తుకుని పొద్దు తిరిగాక ఇల్లు చేరే ఆడమనిషి రోజూ అంత దూరం నీళ్ళకు ఎలా పోతుంది?

పెంచలయ్య పాకకు వెళ్ళాను. ఈసారి తిట్టడానికి కాదు. ఆయన ఎద్దుబండి కట్టుకుంటున్నాడు, బండిలో రెండు పీపాలు. “నేనూ వస్తాను” అన్నాను. ఎక్కమన్నాడు. చెలమ దగ్గర దిగి, ముంతతో నీళ్ళు ముంచి, గుడ్డలో వడగట్టి ఇచ్చాడు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. మాటవరసకు అనడం లేదు, నిజంగానే తీపి ఉన్నట్టుంది నాలుకకు. పొద్దున తాగిన బావి నీళ్ళ తర్వాత కాబట్టి అలా అనిపించి ఉంటుంది.

“అంటే వాళ్ళు కలరు కొనేది…”

“దప్పికకమ్మా. సగం మంది దప్పికకే కొనేది. వట్టి సోడా అయితే పసిబిడ్డకు ముక్కులోకి కొడతది. కలరయితే తీపికి ఆశపడి తాగతారు.”

“ముందే ఎందుకు చెప్పలేదు?”

“నన్ను అడగను రాలేదు గదా నువ్వు. చెప్పను వచ్చినావు.”

ముంత ఆయన చేతికి తిరిగి ఇచ్చాను. తర్వాత, ఈ నీళ్ళు పాలేనికి తెప్పించాలి అన్నాను. ఆయన పీపా నింపడం ఆపాడు.

“మంచినీళ్ళు వస్తే నా కలరు ఎవురు కొంటారు? పుణ్యానికి పోయి నా పొట్ట నేనే కొట్టుకోమంటావా?” అన్నాడు. మళ్ళీ నాలుగు ముంతలు పోశాక ఆయనే అన్నాడు, “బండి నాది పెట్టించు. ఊరోళ్ళకు నీళ్ళు తోలే పని నాకే ఇప్పించు. అప్పుడు ఒప్పుకుంటా.”

ఆయన త్యాగం చేశాడని రాస్తే చదవడానికి బాగుండేది. చేయలేదు, బేరమాడాడు. సరైన బేరమే.

రెడ్డిగారి గ్లాసు

తర్వాతి పంచాయతీ మీటింగులో లేచి నిలబడి, నేను చెప్పింది తప్పని చెప్పాను. అప్పటికి నా వయసు పాతిక దాటి ఎంతో కాలం కాలేదు. పన్ను వల్ల కలరు తగ్గిందని, దాని బదులు పిల్లలు ఉప్పు బావి నీళ్ళు తాగుతున్నారని, ఆ రాబడితో దిబ్బల్లో ఒరల బావి తవ్వించి, పాలేనికి బండి మీద నీళ్ళు పంపాలని అడిగాను.

రెడ్డిగారికి కోపం వచ్చింది. “దీపాలకు ఆర్డరు ఇచ్చేసినాం గదమ్మా. మొన్న నువ్వే వెయ్యమంటివి, ఈ రోజు నువ్వే తప్పంటివి. రేపేమంటావో ఎట్ట తెలిసేది?”

అప్పుడు వాకిట్లో నుంచి పోలమ్మ లోపలికి వచ్చింది. ఆమెను నేను రమ్మనలేదు. ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు. చంకలో బిందె, చేతిలో గ్లాసు. బావి నీళ్ళు గ్లాసులో పోసి, రెడ్డిగారి ముందు బల్ల మీద పెట్టింది.

“మా ఇంటికి వస్తే బోండం ఇస్తాం రెడ్డీ. మేము తాగేది ఇది” అంది.

రెడ్డిగారు ఆమెను గదమాయిస్తారనుకున్నాను. గ్లాసు పక్కకు నెడతారనుకున్నాను. ఆయన గ్లాసు ఎత్తి, గటగటా మొత్తం తాగారు. ముఖం ముడతలు పడింది. పైగుడ్డతో మూతి తుడుచుకున్నారు. తర్వాత గుమాస్తాతో అన్నారు:

“దీపాలు వచ్చే ఏటికి చూద్దాం. బావి అని రాయి.”

నేను ఆయన్ని దీపాల పిచ్చి మనిషి అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి మనుషుల గురించి అంత త్వరగా నిర్ణయానికి రావడం తగ్గించుకున్నాను, పూర్తిగా మానలేకపోయినా.

తెలిసినది, తెలియనిది

బావి తవ్వడానికి చలికాలం దాకా పట్టింది. పెంచలయ్య బండి రోజుకు రెండుసార్లు పాలెం మధ్యలో ఆగేది. మిఠాయిల మీద పన్ను తీసేశారు, సోడా మీద తగ్గించి ఉంచారు. మరుసటి ఎండాకాలం విరేచనాల కేసులు వచ్చాయి గానీ అంతగా రాలేదు. కలరు అమ్మకం మళ్ళీ పాత స్థాయికి పెరగలేదు.

మరి పిల్లల పళ్ళను కాపాడింది పన్నా, నీళ్ళా? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నీళ్ళే ఎక్కువని నా మనసు చెబుతుంది. కానీ ఆ పన్నే లేకపోతే బావి తవ్వడానికి రాబడి ఎక్కడిది? పన్ను వేయకపోతే ఆ ఉప్పు నీళ్ళ సంగతి నాకు తెలిసేదే కాదు. తర్వాత నన్ను మంచినీళ్ళ కొళాయిలున్న పట్టణాలకు వేశారు. అక్కడ కూడా పిల్లలు తీపి నీళ్ళే తాగారు, అదీ దప్పిక లేకుండా. అక్కడ పన్ను వేస్తే నేను అడ్డు చెప్పను. ఒక చోట మందైనది ఇంకో చోట ముప్పవుతుంది, మోతాదు తెలియకుండా మందు ఇవ్వకూడదని మనకు నేర్పారు కదా. పన్నూ అంతే. వేసే ముందు ఆ ఊరికి వెళ్ళి, వాళ్ళు దాన్ని ఎందుకు తాగుతున్నారో వాళ్ళనే అడగాలి. వచ్చిన రాబడి వాళ్ళ నోటికే తిరిగి చేరాలి. ఇంతకుమించి నాకు తెలియదు.

నాకు బదిలీ అయిన రోజు పాలెం మొదట్లో బస్సు ఆగింది. పెంచలయ్య కిటికీ దగ్గరికి వచ్చి, గోలీ కొట్టిన ఎర్ర కలరు సీసా చేతికిచ్చాడు. ఈ పానీయం గురించి మీటింగుల్లో అంత మాట్లాడినదాన్ని, అప్పటిదాకా ఒక్క చుక్క రుచి చూడలేదు. బస్సులో జనం చూస్తున్నారు. ఎత్తి తాగాను. గ్యాసు ముక్కులోకి కొట్టింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గొంతులో చల్లగా తీపి దిగింది. సగం తాగి ఆపుదామనుకున్నాను, ఆపలేకపోయాను.

“నిజం చెప్పు నర్సమ్మా, ఎట్టుండాది?” అన్నాడు.

“బాగుంది పెంచలయ్యా.”

ఆయన ఖాళీ సీసా అందుకుని నవ్వాడు. “దప్పిక సగమని చెప్పినా గదా ఆ రోజు. మిగతా సగం ఇదే.”

బస్సు కదిలింది. నాలుక ఎర్రగా అయిందేమోనని చాలా దూరం దాకా నోరు తెరవలేదు.